పదవ తరగతి తరువాత పాలిటెక్నిక్: సీటు ఎక్కడ పోతున్నది?



పెద్దలారా, తల్లిదండ్రులారా! పదవ తరగతి ఫలితాలు వెలువడిన నాడు మన ఇళ్ళలో సాధారణంగా రెండే మాటలు వినవస్తాయి. కొంత స్తోమత ఉన్నవారు అప్పు చేసియైనా పిల్లలను కార్పొరేట్ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివిద్దామంటారు. లేనివారు పిల్లవానిని మెకానిక్ షెడ్డుకో, వెల్డింగు దుకాణానికో పంపుతారు. ఆ రెంటికీ నడుమ పాలిటెక్నిక్ అనే దారి ఒకటి ఉన్నది. ఇంజను విప్పి బిగించగల చేతికి, ఆ ఇంజను ఎందుకు నడుస్తున్నదో కూడా తెలియజెప్పే చదువు అది.

పదవ తరగతి గణిత, భౌతిక, రసాయన శాస్త్రాలపై 120 మార్కులకు పాలిసెట్ జరుగుతుంది. సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ వంటి శాఖలలో డిప్లొమా సాధారణంగా మూడేళ్ళు. ఆ అర్హతతో రైల్వేలో జూనియర్ ఇంజనీరు ఉద్యోగానికి పోటీ పడవచ్చును. పై చదువు కోరేవారు ఈసెట్ వ్రాసి నేరుగా బి.టెక్ రెండవ సంవత్సరంలో చేరవచ్చును. ఉర్దూ చదివిన పిల్లలకు మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయపు పాలిటెక్నిక్‌లు హైదరాబాదులోను, కడపలోను ఉన్నాయి. వాటికి దరఖాస్తు వేరుగా చేయవలెను. ఆడపిల్లలను దూరం పంపలేమనేవారు గుంటూరు, కాకినాడలలోని ప్రభుత్వ మహిళా పాలిటెక్నిక్‌లను ఒకసారి చూచి రావలసినదిగా మనవి. చూడకుండానే వద్దనడం న్యాయం కాదు.

మరి మన పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారు? కార్యాలయాలలో ఏండ్ల తరబడి దస్త్రాలు చూచినవారిగా, పదవీ విరమణ తరువాత మస్జిదు వరండాలో దరఖాస్తులు నింపుతున్నవారిగా మేము గమనించినది ఇది: పరీక్షలో తప్పినవారి కన్న, ధ్రువపత్రాల పరిశీలన నాడు చిక్కుపడినవారే ఎక్కువ. ఒకే పిల్లవాడు బడి రికార్డులో షేక్ మహబూబ్ బాషా, ఆధార్‌లో ఎస్.ఎం. బాషా, రేషన్ కార్డులో మహబూబ్ బాషా షేక్! ముగ్గురూ ఒక్కరేనని నిరూపించే లోపల కౌన్సెలింగు గడువు దాటిపోతున్నది. పదవ తరగతి పరీక్ష ఫీజు కట్టే రోజులలోనే బడికి వెళ్ళి నామినల్ రోల్స్‌లో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ స్వయంగా చూచుకొనండి. మెమో అచ్చయిన తరువాత దిద్దించడం నెలల పని.

రెండవ చిక్కు రిజర్వేషన్. ముస్లిమైతే చాలు బి.సి.-ఇ వస్తుందని అనుకునేవారు ఇంకా ఉన్నారు. 2007 నాటి చట్టం 4 శాతం కోటాను 14 వర్గాలకు ఇచ్చినది. షేక్‌లు అందులో ఉన్నారు. సయ్యద్, మొగల్, పఠాన్‌లు లేరు. దూదేకులవారు బి.సి.-బి. ఈ కోటాపై వ్యాజ్యం సుప్రీంకోర్టు వరకు వెళ్ళినది; 2010 నాటి మధ్యంతర ఉత్తర్వుతో అమలు కొనసాగినది. కోటాలో లేనివారు నిరాశపడి ఊరకుంటున్నారు. ఏడాదికి 8 లక్షల లోపు ఆదాయం మొదలైన షరతులకు లోబడినవారికి ఇ.డబ్ల్యు.ఎస్. కింద 10 శాతం ఉన్నది. సయ్యద్, పఠాన్ కుటుంబాలు ఈ పత్రాన్ని అడగనైనా అడగడం లేదు!

ఒక తహసీలు కార్యాలయంలో, ఊరు పేరు చెప్పము, కుల ధ్రువపత్రానికి వెళ్ళిన తల్లిని మూడు వారాలు త్రిప్పారు. ఆమె రోజు కూలీ. మూడు వారాలలో ఎన్ని పూటల కూలి పోయినదో ఏ దస్త్రంలోను వ్రాయరు.

కనుక మేము కలెక్టరుగారికి ఒక వినతిపత్రం సిద్ధం చేసినాము. పదవ తరగతి పరీక్షలకు ముందే, ఉర్దూ పాఠశాలలతో సహా ప్రతి ఉన్నత పాఠశాలలో రెవెన్యూ సిబ్బంది శిబిరం పెట్టి కుల, ఆదాయ, నివాస పత్రాలు అక్కడికక్కడే ఇవ్వవలెనన్నది అందులోని కోరిక. పత్రం బల్లమీద ఉన్నది. తల్లులు కూడా సంతకం చేయవలెను. వ్రాయనివారు వేలిముద్ర వేయవచ్చును.