పొద్దుగూకినంక బొమ్మల బడి



బ్యాంకు లింకేజీ గురించి, స్త్రీనిధి గురించి, రికవరీ గురించి ముందు మాట్లాడిన అక్కలు అన్నీ చెప్పిండ్రు. మమ్మల్ని వేరే ముచ్చట చెప్పమన్నరు. మా ఊర్లో గ్రామ సమాఖ్య రూములో పొద్దుగూకినంక పెద్దోళ్లకు బొమ్మలు గీసుడు నేర్పిస్తున్నం. ఇది ఎట్ల నడుస్తున్నది, అసలు ఎందుకు నడుస్తున్నది అని చాలామంది అడుగుతున్నరు. కొందరు తెలుసుకుందామని అడుగుతున్నరు, కొందరు నవ్వుకుంట అడుగుతున్నరు. ఇద్దరికీ కలిపే చెప్తం.

ముందు నవ్వినోళ్ల మాట. సంఘం మీటింగులో ఈ మాట తీసిన రోజు ఒక అక్క లేచి, "పంచసూత్రాలల్ల బొమ్మలు గీసుడు ఎన్నో సూత్రం?" అని అడిగింది. అందరం నవ్వినం. ఆమె అడిగింది తప్పు కాదు. క్రమం తప్పకుండ సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, టైముకు తిరిగి కట్టుడు, పుస్తకాలు రాసుడు – ఈ ఐదింట్ల బొమ్మ ఎక్కడా లేదు. ఇంకొక సభ్యురాలి ఇంట్లనైతే "ముసలోళ్లకు దసరా పండుగ" అన్నరట. అందుకే సంఘం పైసలు ఒక్క రూపాయి ముట్టకుండ మొదలుపెట్టాలని తీర్మానం రాసుకున్నం. పిల్లల పాత పలకలు, బలపాలు తెచ్చుకున్నం. నోటుబుక్కు, పెన్సిలు ఎవరివి వాళ్లు తర్వాత కొనుక్కున్నరు. వారానికి మూడు రోజులు, రాత్రి ఏడు నుంచి ఎనిమిదిన్నర దాక. అన్నం వండి, బర్లకు గడ్డేసి వస్తరు.

నేర్పేది మా సంఘం సభ్యురాలి బిడ్డనే. డ్రాయింగులో లోయర్ గ్రేడ్ పరీక్ష పాసయింది. ఇక్కడ ఒక మాట చెప్పాలె. ఇది ప్రభుత్వ పరీక్షల విభాగం పెట్టే పరీక్ష. ఏడో తరగతి పాసైతే లోయర్ రాయొచ్చు, అది పాసైతే హయ్యర్ రాయొచ్చు. కుట్టు పనికి, ఎంబ్రాయిడరీకి కూడ ఇట్లాంటి పరీక్షలే ఉన్నయి. ఏడు చదివి ఇంట్ల కూసున్నోళ్లు మన సంఘాలల్ల ఎంతమంది లేరు? ఈ సంగతి మాకు కూడ ఆ పిల్ల చెప్తేనే తెలిసింది.

ఇగ క్లాసు సంగతి. వచ్చేటోళ్లు అందరు ఒక్క తీరు ఉండరు. ఒక చెల్లె ఇంటర్ చదివింది, సైన్సు రికార్డులల్ల బొమ్మలు మంచిగ గీసేది. ఇద్దరు మగ్గం వర్కు చేస్తరు. నలుగురైదుగురు పదో తరగతి దాక చదివి తర్వాత పెన్ను ముట్టనోళ్లు. ఒక పెద్దవ్వ ఉన్నది, వేలిముద్ర ఆమె. పెన్సిలు పట్టుడు ఇదే మొదటిసారి. ఇంతమందికి ఒకే పాఠం ఎట్ల చెప్పాలె అని పిల్ల భయపడ్డది. విడివిడిగ గుంపులు చేద్దామనుకున్నం కాని రూము ఒక్కటే, లైటు ఒక్కటే. అందుకని మధ్యల ఒక స్టీలు చెంబు పెట్టి చుట్టూ కూసున్నం. ఎవరికి వచ్చినట్టు వాళ్లు గీయాలె.

ఆ రోజు జరిగింది అందరికీ చెప్పాలనిపిస్తది. చెంబు మూతి గుండ్రంగ ఉంటదని మనకు తెలుసు. రోజూ నీళ్లు ముంచుతం, తోముతం. అందుకే అందరం మూతిని పూర్ణచంద్రుని లెక్క గుండ్రంగ గీసినం. అడుగును సాపు గీత గీసినం. చూస్తే చెంబు మన మీదికి ఒంగినట్టు, కింద మాత్రం నిటారుగ నిలబడ్డట్టు వచ్చింది. పిల్ల అన్నది: "అక్కా, నీకు తెలిసింది గియ్యకు, కండ్లకు కనిపించేది గియ్యి." మళ్ల చూసినం. కూసున్న చోటు నుంచి చూస్తే మూతి గుండ్రంగ లేదు, పండుకున్న కోడిగుడ్డు లెక్క ఉన్నది. లేచి నిలబడితే గుండ్రంగ అయితున్నది, కిందికి వంగితే సన్నగ గీత అయితున్నది. ఇన్నేండ్ల సంది ఇంట్ల ఉన్న చెంబును మేము చూడనే లేదు. ఆ రాత్రి ఎనిమిదిన్నరకు ఎవరూ లేవలే.

పెద్దవ్వ మాత్రం "నాకు గీత రాదు బిడ్డా, చెయ్యి వణుకుతది" అని పలక పక్కన పెట్టింది. మరి సంక్రాంతికి వాకిట్ల ముగ్గు ఎవరేస్తరవ్వా అంటే, "అది ముగ్గు గద, బొమ్మ కాదు గద" అన్నది. సుద్దముక్క ఇచ్చి బండల మీద వెయ్యమన్నం. సందు చుక్క, పదిహేను నుంచి ఎనిమిది దాక. లెక్క పెడితే 169 చుక్కలయితయి. స్కేలు లేదు, టేపు లేదు. ఒక చుక్కకు ఇంకో చుక్కకు సందు తేడా రాలేదు. ఇంటర్ చదివిన చెల్లె పక్కన కూసొని వేస్తే మూడో వరుసకే వంకర పోయింది. చిన్న బొమ్మను గోడ మీద పెద్దగ గీయాలన్నా చిత్రకారులు ముందు ఇట్లనే గళ్లు గీసుకొని కొలత పట్టుకుంటరని పిల్ల చెప్పింది. ఆనాటి నుంచి మా క్లాసుల ఎక్కువ తెలిసినోళ్లు, తక్కువ తెలిసినోళ్లు అన్న మాట ఎవరూ అంటలేరు.

ఫోనులో తోట వైకుంఠం సారు బొమ్మలు కూడ చూసినం. ఆయనది కరీంనగర్ వైపు బూరుగుపల్లి, పుట్టింది 1942లో. పెద్ద బొట్టు, నిండు కొప్పు, మెరిసే రంగుల చీరలు కట్టిన తెలంగాణ ఆడోళ్లనే ఆయన ఎక్కువ గీసిండు. పెద్దవ్వ చూసి "ఈమె మా అత్త లెక్కనే ఉన్నది" అన్నది. మనసొంటి మొఖాలు పెద్ద పెద్ద ఊర్లల్ల గోడలకు తగిలిస్తరంటే మాకు ఆశ్చర్యమైంది.

అంతకంటే ఎక్కువ మనసుకు పట్టింది భూరీ బాయి కథ. మధ్యప్రదేశ్‌ల ఝాబువా జిల్లా, భిల్లుల ఆడామె. పొట్ట చేతబట్టుకొని భోపాల్ పోయి, భారత్ భవన్ కడుతుంటే అక్కడ కూలి చేసింది. ఆ భవనం 1982లో మొదలైంది. అక్కడి చిత్రకారుడు స్వామినాథన్, మీ ఇండ్ల గోడల మీద ఏం గీస్తరో గీసి చూపించమన్నడు. కూలి పోతది గద అని ఆమె జంకింది. గీసినందుకు కూలి కంటే ఎక్కువే ఇస్తనన్నడు ఆయన. భిల్లుల బొమ్మలు చూడుండ్రి, బొమ్మ నిండ చుక్కలే, మన ముగ్గుల లెక్క. 2021లో ఆమెకు పద్మశ్రీ ఇచ్చిండ్రు. అదే ఏడు బీహార్ మధుబని వైపు దులారీ దేవికి కూడ వచ్చింది. ఆమె చాపలు పట్టేటోళ్ల ఇంటి బిడ్డ. చిత్రాలు గీసేటోళ్ల ఇంట్ల పనిమనిషిగ చేరి, చూసి చూసి నేర్చుకున్నది. 2025 బడ్జెట్ రోజు ఆర్థిక మంత్రి కట్టుకున్నది ఆమె బొమ్మలేసి ఇచ్చిన చీరనే.

పాలమూరు లేబర్ అంటే దేశమంత తెలుసు. డ్యాములు, కాల్వలు, బొంబాయి బిల్డింగులు మనోళ్ల చేతుల మీదనే లేచినయి. మన తట్టలు మోసినోళ్లల్ల ఎంతమందికి గీత వచ్చో ఎవరూ అడగలేదు. మా ఊర్లో అందరికీ పద్మశ్రీలు వస్తయని మేము చెప్తలేం. అడగాలె అని మాత్రం చెప్తున్నం.

పైసలు వస్తయా అని అడిగినోళ్లకు కూడ చెప్తం. మగ్గం వర్కు చేసే ఇద్దరు ఇదివరకు డిజైన్లు బయట గీయించుకునేటోళ్లు. ఇప్పుడు ట్రేసింగ్ పేపరు మీద వాళ్లే గీసి, గీత పొంటి సూదితోని పొడిచి, కిరోసిన్ల కలిపిన పౌడరు రుద్ది బట్ట మీదికి దించుకుంటున్నరు. ఆ ఖర్చు మిగిలింది. నెమలి కావాలంటే నెమలి, కలువ కావాలంటే కలువ. జాకెట్లు కుట్టే చెల్లెకు చంక గుండు తిప్పుడు ఇప్పుడు సాఫుగ వస్తున్నది. ఇంతే. దీనితోని లక్షలు వస్తయని ఎవరన్న చెప్తే నమ్మకుండ్రి.

మా సంఘానికి పెద్ద లాభం వేరే తీరుగ వచ్చింది. 2000 సంవత్సరంల వెలుగు మొదలైన ఆరు జిల్లాలల్ల మన పాలమూరు ఒకటి. ఆ రోజులల్ల ఊరి నడుమ నేల మీద ముగ్గుపిండితోని ఊరి పటం గీసి, ఏ ఇల్లు పేదది, ఏ ఇల్లు నిరుపేదది అని గుర్తులు పెట్టేటోళ్లు. మాలో చాలామందిమి అప్పుడు చిన్నపిల్లలం. అమ్మల పక్కన నిలబడి చూసినం. ఈసారి అదే పటం చార్టు మీద గీద్దామనుకున్నం. పెద్దవ్వ చెప్తుంటే మేము గీసినం. పూడిపోయిన బాయి, చింతచెట్టు, వాగు, తర్వాత ఇండ్లు. ఇల్లు గీసినప్పుడల్లా ఇంట్ల ఎవరున్నరు, ఏ సంఘంల ఉన్నరు అని రాస్తున్నం. ఎస్సీ కాలనీ చివరికి వచ్చినంక చెయ్యి ఆగిపోయింది. మూడు ఇండ్లకు సంఘం పేరు రాయరాలేదు. ముగ్గురూ ఒంటరి ఆడోళ్లే. ఒకామె బిడ్డలు పుణె పోయిండ్రు. ఒకామె పొదుపు కట్టలేక ఎన్నడో బయటికి పోయింది. పుస్తకాలల్ల చూస్తే మన ఊరు నూటికి నూరు సంఘాలల్ల ఉన్నట్టే కనిపిస్తది. పటంల కనిపించింది వేరే. మళ్ల వారం ఆ ఇండ్లకు పోయినం. ఇద్దరు సంఘంల చేరిండ్రు. మూడో ఆమె ఇంకా రాలేదు, పోతనే ఉన్నం.

కష్టాలు లేవని కాదు. ఒక చెల్లె నడుమల ఆగిపోయింది. రాత్రిపూట ఆడోళ్లకు ఏం పని అని ఇంట్ల పంచాయితీ అయింది. పగలంత పత్తి చేన్ల వంగినప్పుడు ఏ పంచాయితీ లేదు, రాత్రి గంటన్నర కూసుంటే వచ్చింది. మేము పోయి మాట్లాడినం, వాళ్ల అత్తమ్మను కూడ క్లాసుకు పిలిచినం. అత్తమ్మ రెండుసార్లు వచ్చి చూసింది, చెంబు గీసింది. కోడలు మాత్రం రావట్లేదు. ఆమె నోటుబుక్కు మా బీరువాల పెట్టే ఉంచినం. అందుల సగం గీసిన కోడిపుంజు ఉన్నది.

సమాఖ్యను మేము అడిగేది ఎక్కువేం లేదు. మూడు ఊర్ల సంఘాలు మా దగ్గర పెట్టుండ్రి అంటున్నయి. నేర్పే పిల్ల ఒక్కతే, ఇప్పటిదాక ఒక్క పైస తీసుకోలేదు, అట్ల ఎన్ని రోజులు చేయించుకుంటం? ఆమెకు రానుపోను ఖర్చులు, నెలకు ఎంతో కొంత గౌరవ వేతనం ఇయ్యాలని తీర్మానం చెయ్యుండ్రి. రాత్రి తిరిగి పోయేటప్పుడు తోడు పంపే బాధ్యత ఆయా గ్రామ సమాఖ్యలు తీసుకోవాలె. మా రూముకు ఇంకొక ట్యూబులైటు కావాలె. పత్తి ఏరుడు ఉన్నన్ని రోజులు వారానికి ఒక్క రోజే పెడుతున్నం, సంక్రాంతి అయినంక మళ్ల మూడు రోజులు నడుపుతం. వచ్చి చూడాలనుకునేటోళ్లు ఆ తర్వాత ఏ సోమవారమైనా రావచ్చు. పలక మేమే ఇస్తం. మీ ఇంట్ల చెంబు ఒకటి తెచ్చుకోండ్రి.