ఇంటి ముంగిట విజ్ఞాన పాఠము
(గ్రామ పంచాయతీ సభ్యులనుద్దేశించి చేసిన ప్రసంగము)



దూరమునుండి పాఠము చెప్పుట మనకు క్రొత్త కాదు. 1975 ఆగస్టు నుండి 1976 జులై వరకు ఉపగ్రహ సహాయమున ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజన్ కార్యక్రమములు అందినవి. వానిలో ఆంధ్రప్రదేశ్ గ్రామములును ఉండెను. 2020లో కోవిడ్ వలన బడులు మూతపడినప్పుడు సప్తగిరి, యాదగిరి దూరదర్శన్ ప్రసారములు పాఠములను ఇండ్లకు చేర్చినవి.

అయితే విజ్ఞానశాస్త్రము చూచినంతమాత్రమున రాదు, చేసి నేర్చుకొనవలెను. గ్లాసు అడుగున పొడి కాగితమును గట్టిగా కూరి, బోర్లించి, నిలువుగా నీట ముంచినచో కాగితము తడియదు. గ్లాసును ఒరిగించినచో బుడగలు వెలువడి నీరు లోనికి పోవును. తన చేతులతో ఇది చేసిన బిడ్డ, గాలికిని చోటు కావలెనని ఎన్నడును మరువదు.

పెరటిలో కర్రను నిలువుగా పాతి గంటకొకసారి నీడను కొలిచినచో మధ్యాహ్నమున అది మిక్కిలి పొట్టిదగును. మన ప్రాంతమున ఏడాదికి రెండు దినములు సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చినప్పుడు ఆ నీడ కనిపించనే కనిపించదు.

మరి పంచాయతీ చేయవలసినదేమి? టెలివిజన్ గాని, ఫోను గాని లేని ఇంటి బిడ్డ ఈ పాఠమునకు దూరమగును. అట్టి ఇండ్ల జాబితాను మొదట వ్రాయించుడు. పాఠము వేళకు పంచాయతీ కార్యాలయమున టెలివిజన్ చూపు ఏర్పాటు చేయుడు. కావలసిన వస్తువులేవో ఉపాధ్యాయునిచే ముందునాడే చెప్పించుడు. నిప్పుతో చేయు ప్రయోగమునకు పెద్దలు ప్రక్కన ఉండవలెను. పిల్లలు తాము చూచినదానిని వ్రాసి ఉపాధ్యాయునకు చూపవలెను.

బీద ఇంటి బిడ్డ చేతికి ఆ గ్లాసు, ఆ కర్ర అందినవా లేదా అన్నదే మన పనికి కొలత.