తొలి చిత్తుప్రతి : చలనచిత్ర రచన



గ్రంథాలయమునకు వచ్చు యువకులలో కథలు వ్రాయవలెనను కోరికగలవారు పూర్వమును ఉండిరి, నేడును ఉన్నారు. నేటివారిలో పలువురు చలనచిత్రమునకు కథ వ్రాయబూనుచున్నారు. ఇరువది ముప్పది పుటలు ఉత్సాహముతో సాగును. పిమ్మట కలము నిలిచిపోవును. పుస్తకము అటకమీదికి చేరును. ఇట్లేల జరుగుచున్నదో విచారించుటయే ఈ ఉపన్యాసము యొక్క ఉద్దేశము.

తెరమీద కంటికి కనబడునది, చెవికి వినబడునది మాత్రమే చిత్రరచనలో నుండవలెను. ‘ఆమె మనస్సు కుమిలిపోయెను’ అని నవలాకారుడు ఒక్క వాక్యమున దాటిపోవచ్చును. చిత్రరచయిత ఆ కుములుటను ఆరిన పొయ్యిగానో, తినక విడిచిన అన్నముగానో చూపవలెను. ఒక పుట ఇంచుమించు ఒక నిమిషపు చిత్రమను లెక్క అమెరికాలో వాడుకలో నున్నది. ఆ లెక్కకు రెండు గంటల చిత్రమునకు 120 పుటలు. మొదలును తుదియు రచయిత మనసులో ముందే యుండును గాని, నడిమి అరువది పుటలు కానరావు. కలము నిలుచునది సాధారణముగా అచ్చటనే.

ఈ సందర్భమున సత్యజిత్ రాయ్ వృత్తాంతము తలపదగినది. ఆయన 1943లో కలకత్తాలోని ఒక బ్రిటిష్ ప్రకటనల సంస్థలో చిత్రకారుడుగా చేరెను. ఉద్యోగము చేయుచునే ఒక వింత అలవాటు చేసికొనెను. ఏదేని కథ చిత్రముగా రానున్నదని తెలిసినంతనే దానికి తానొక చిత్రరచన సిద్ధపరచుకొని, ఆ చిత్రము వచ్చిన పిదప రెంటిని పోల్చి చూచుకొనెడివాడు. వ్రాయుమని ఎవరును అడుగలేదు. డబ్బు ఎవరును ఈయలేదు. ‘ఉన్న ఉద్యోగము చేసికొనరాదా?’ అని ఇంటి పెద్దలు మందలింపదగిన పనియే! కాని చదివి నవ్వువారు లేని రచన కనుక జంకు లేకుండ సాగెను.

పిదప ఆయన రవీంద్రనాథ ఠాకూరు ‘ఘరే బాయిరే’ నవలకు చిత్రరచన చేసెను. నిర్మాత మార్పులు కోరగా రాయ్ అంగీకరింపలేదు. ప్రయత్నము ఆగిపోయెను. అప్పుడు క్రుంగినవాడే, ఏండ్లు గడచిన పిదప ఆ ప్రతిని తిరిగి చదివి, అది చిత్రము గాకపోవుటయే తన అదృష్టమని తలచెను. ఆ నవలను ఆయనయే క్రొత్తగా వ్రాసికొని 1984లో చిత్రముగా తీసెను. తొలిప్రతియే సర్వాంగసుందరముగా నుండవలెనని పట్టుబట్టువారు ఈ ముక్క గమనింతురు గాక! ఆ మొదటి ప్రతి బాగుగా లేదు. అయినను అది తుదిముట్టినది.

1950లో లండనులో కొన్ని నెలలుండి ఆయన సుమారు నూరు చిత్రములు చూచెను. ఓడలో మరలి వచ్చునపుడు ‘పథేర్ పాంచాలి’కి తొలి ముసాయిదా వ్రాసెను. పిదప ఘట్టములను వరుసగా బొమ్మలుగా వేసి, ఆ పుస్తకము చేతబట్టుకొని నిర్మాతల గడపలు త్రొక్కెను. 1952 అక్టోబరులో చిత్రీకరణ మొదలయ్యెను. పిల్లలు రైలు చూచు ఘట్టమునకై ఎంచుకొన్న రెల్లుచేను ఒకనాటి పని ముగిసిన వారమునకే పశువుల పాలయ్యెను. మరల రెల్లు పూచుటకు ఏడాది వేచియుండవలసి వచ్చెను. చిత్రము 1955లో వెలువడెను.

తరువాతి చిత్రములను ఆయన దుకాణదారులు పద్దులు వ్రాసికొను ఎర్రగుడ్డ అట్ట ఖాతాపుస్తకములలో వ్రాసెను. సంభాషణలు, వేషముల బొమ్మలు, సంగీతపు గురుతులు అన్నియు అందే. అట్టి పుస్తకమున కొట్టివేతలు తప్పుగా తోచవు. ఖరీదైన నున్నని కాగితము కొన్నవానికి మొదటి వాక్యమే భారమగును.

నడుమ దారి తప్పినపుడు ‘ఇచ్చట అన్నదమ్ముల తగవు’ అని ఒక పంక్తి వ్రాసి, తోచిన తరువాతి ఘట్టమునకు పోవచ్చును. ప్రతిదినము మొదటినుండి చదువుకొనుట మానవలెను. చదివినకొలది దిద్దబుద్ధి పుట్టును, ముందుకు సాగదు. మిత్రులకు వినిపించుట ఇంకను ప్రమాదము. మెచ్చుకొన్నచో తృప్తి కలిగి పని ఆగును, మెచ్చకున్నచో బెంగతో ఆగును. దినమునకు రెండు పుటలైనను చాలును. ఆ లెక్కన రెండు నెలలలో చిత్తుప్రతి ముగియును.

‘పథేర్ పాంచాలి’ నవలకు మద్దిపట్ల సూరి తెలుగు అనువాదము కలదు. అందు ముసలి ఇందిర మరణించు భాగము చదివి, పుస్తకము మూసి, తెరమీద ఏమి కనబడవలెనో రెండు పుటలలో వ్రాసి చూడవచ్చును. పిమ్మట రాయ్ చిత్రము చూడవలెను. అందు వెదురుపొదలలో కూర్చున్న ముసలిదానిని దుర్గ ఆటగా కుదుపగా, ఆమె ప్రక్కకు ఒరిగిపోవును.