పెళ్ళి ఫోటోలు పదిలమేనా?

(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



పెళ్ళికి పందిళ్ళనీ, వంటలనీ, చీరలనీ ఎంత ఖర్చు పెట్టినా, ఏడాది తిరిగేసరికి మనకు మిగిలేవి ఫోటోలే కదా! వెనకటి రోజుల్లో ఫోటోగ్రాఫరు ఆల్బం తెచ్చి చేతికిచ్చేవాడు. బీరువాలో పట్టుచీరల పక్కన దాచుకునేవాళ్ళం. ఇప్పుడో? ఫోనుకి ఒక లింకు వస్తుంది. "ఫోటోలన్నీ క్లౌడ్‌లో పెట్టానండీ, చూసుకోండి" అంటాడు. మనం చూసి మురిసిపోయి వూరుకుంటాం.

మా అక్కయ్య ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను. 2022లో వాళ్ళమ్మాయి పెళ్ళయింది. లింకు వచ్చింది. అందరం చూశాం. నచ్చినవి నాలుగు వాట్సాప్‌లో పంపుకున్నాం. "ఎక్కడికి పోతాయిలే, తీరిగ్గా దించుకుందాం" అనుకున్నారు. ఎనిమిది నెలలకి అక్కయ్య అత్తగారు పోయారు. ఆవిడ అక్షింతలు వేస్తూ నవ్వుతున్న ఫోటో పెద్దది చేయిద్దామని చూస్తే లింకు తెరుచుకోలేదు. ఫోటోగ్రాఫరుని అడిగితే, "చోటు చాలక పాతవి తీసేశానండీ, మీరు దించుకునే వుంటారనుకున్నాను" అన్నాడు. తప్పంతా అతనిదే అనడానికీ లేదు. చివరికి వాట్సాప్‌లో మిగిలిన చిన్న బొమ్మనే పెద్దది చేయించారు. ముఖం అలుక్కుపోయినట్టుంటుంది. ఈనాటికీ హాల్లో గోడమీద వున్నది అదే.

ఇంతకీ క్లౌడ్ అంటే ఏమిటి? పేరుకి మబ్బే గాని ఆకాశంలో ఏమీ లేదు. కంపెనీలవారు పెద్ద పెద్ద భవనాల్లో వేలాది కంప్యూటర్లు పెట్టి రాత్రింబవళ్ళు నడుపుతుంటారు. ఇంటర్నెట్ ద్వారా మన ఫోటోలు వెళ్ళి వాటిలో చేరతాయి. మన ఫోను నీళ్ళలో పడినా, దొంగ ఎత్తుకుపోయినా అక్కడివి అక్కడే వుంటాయి. అదే దానివల్ల మేలు. అయితే కొన్ని మెలకువలు తెలిసివుండాలి.

మొదటిది, చోటు లెక్క. గూగుల్ ఖాతాలో మామూలుగా ఉచితంగా వచ్చేది 15 జీబీ. ఉత్తరాలూ, ఫోటోలూ, కాగితాలూ అన్నీ అందులోనే సర్దుకోవాలి. కాస్త కుదించిన ఫోటోలు ఎన్నయినా ఉచితంగా దాచుకునే సదుపాయం 2021 జూన్ 1తో ఆగిపోయింది. ఒక్కో ఫోటో 10 ఎంబీ అనుకున్నా, పెళ్ళివి మూడువేల ఫోటోలంటే 30 జీబీ! చోటు నిండితే కొత్త ఫోటోలు చేరవు సరికదా, ఉత్తరాలు రావడం కూడా ఆగిపోతుంది. కనుక డబ్బు కట్టి చోటు పెంచుకోవాలి, లేదా ముఖ్యమైనవి ఏరి పెట్టుకోవాలి.

రెండవది, తుడిచెయ్యడం. ఫోనులో చోటు లేదని గూగుల్ ఫోటోస్‌లో బొమ్మ తీసేస్తే, క్లౌడ్‌లోంచీ పోతుంది. ఇక్కడ బొట్టు చెరిపితే అద్దంలోనూ చెరిగిపోయినట్టే! అక్కడ చేరిన ఫోటోలైతే చెత్తబుట్టలో 60 రోజులుంటాయి. ఆ తర్వాత ఏడ్చినా రావు. ఫోను మాత్రమే ఖాళీ చెయ్యాలంటే "ఫ్రీ అప్ స్పేస్" అనే మీట వేరే వుంది. అది వాడండి.

మూడవది, పంచుకోవడం. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోతుంది. డాక్యుమెంటుగా పంపితే అసలుది చేరుతుంది. లింకు పంపేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి: అది ఎవరి చేతికి పోతే వాళ్ళు చూడగలరు. చంటిపిల్లల ఫోటోలూ, ఇంటి సంగతులూ అయినప్పుడు, కావలసినవారి ఈమెయిల్‌కి పేరుపేరునా పంపడమే క్షేమం.

నాల్గవది, ఖాతా. రెండేళ్ళపాటు తెరవకపోతే ఆ ఖాతాను తీసేసే హక్కు గూగుల్ వారికి వుంది. అందుకని ముఖ్యమైన ఆల్బం ఇంట్లో ఇద్దరి ఖాతాల్లో వుంచండి.

ఏడాది ఆవకాయంతా ఒక్క జాడీలో పెట్టి, రోజూ అందులోనే చెయ్యి పెడతామా? పెట్టం కదా! పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫరు ప్రచారంలోకి తెచ్చిన సూత్రం కూడా అలాంటిదే: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల్లో, ఒకటి ఇంటికి దూరంగా. అంటే ఒకటి కంప్యూటరులో, ఒకటి విడి హార్డ్‌డిస్కులో, మూడోది క్లౌడ్‌లో.

ఫోటోగ్రాఫరుతో బేరం కుదిరేనాడే, "లింకు ఎన్నాళ్ళుంటుంది? అసలు ఫోటోలు ఎన్ని నెలలు దాచుతారు?" అని అడిగి కాగితంమీద రాయించుకోండి. లింకు వచ్చిన వారంలోగా అన్నీ దించుకోండి. దించాక పది ఫోటోలు తెరిచి చూసుకోండి.

ఈ ఆదివారం వంటిల్లు సర్దుకున్నాక ఒక్క గంట కూర్చోండి. మీ ఫోనులో పాత లింకులేమైనా వున్నాయేమో వెతకండి. ఇంకా తెరుచుకుంటుంటే, అదృష్టవంతులు. ఆ రోజే దించేయండి.

సెలవు.