గేటు దగ్గర అప్పులవాడు
(ఖరగ్‌పూర్‌లో తెలుగు విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నన్ను పొదుపు గురించి మాట్లాడమన్నారు. ఆ మాట వినగానే పిల్లలు సెల్‌ఫోన్ తీస్తారని నాకు తెలుసు. ఫర్వాలేదు, నేను ఆ సెల్‌ఫోన్ గురించే మాట్లాడబోతున్నాను.

మన తాతలు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనికని ఈ ఊరు వచ్చారు. ఆ రోజుల్లో బెంగాల్‌లో జీతాల రోజున ఫ్యాక్టరీ గేట్ల దగ్గర వడ్డీ వ్యాపారులు కర్ర పట్టుకుని కాపు కాసేవారు. కాబూలీవాలా అంటే ఠాగూరు కథలోని మంచివాడే గుర్తొస్తాడు మనకి, కూలివాడికి గుర్తొచ్చేవాడు వేరు. బాకీ వసూలుకి ఇలా గేటు దగ్గర కాపు కాయడాన్ని నేరంగా చూడాలని 1931లో రాయల్ లేబర్ కమిషన్ సిఫారసు చేసింది. 1934లో బెంగాల్‌లో అందుకు చట్టం కూడా చేశారు. గేటు దగ్గర నిలబడడం తప్పన్నారు. ఇప్పుడు గేటే మన జేబులోకి వచ్చింది.

మా మేనల్లుడి సంగతి చెబుతాను. వాడి అనుమతి తీసుకునే చెబుతున్నాను. ఈ సభలో లేడు, వెతక్కండి. డిగ్రీ రెండో ఏడు, హాస్టల్లో ఉంటాడు. వాళ్ల నాన్న వర్క్‌షాపులో పని. హాస్టలు, మెస్సు డబ్బులు కాక చేతి ఖర్చుకి నెలకి 4,000 పంపేవారు. ఒక రాత్రి ఫోన్ చేసి, "మావయ్యా, తొమ్మిదివేలు సర్దగలవా? అమ్మకి మాత్రం చెప్పొద్దు" అన్నాడు.

మర్నాడు వెళ్లి మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు ముందేసుకుని కూర్చున్నాం. జూదం కాదు, తాగుడు కాదు. టీ 10, టోటోకి 20, ఎగ్ రోల్ 50, ఎవరిదో పుట్టినరోజుకి వాటా 150, అర్ధరాత్రి తెప్పించుకున్న బిర్యానీ. పేజీలకి పేజీలు ఇవే. ఒక నెల 700 ఎక్కువైంది, మరో నెల 1,100. ఇంట్లో అడగడానికి మొహం చెల్లక అప్పు ఇచ్చే యాప్‌లోకి వెళ్లాడు. 2,000 అప్పంటే చేతికిచ్చింది 1,600. వారంలో 2,000 కట్టాలి. అంటే వారానికి పాతిక శాతం! కాబూలీవాలా కూడా సిగ్గుపడేవాడు. అది తీర్చడానికి ఇంకొకటి, దాని కోసం మూడోది. చేతికొచ్చింది మొత్తం 7,200, అడుగుతున్నది 9,000. కట్టకపోతే వాళ్ల నాన్నతో పనిచేసే అందరికీ మెసేజ్ పెడతామన్నారు. ఫోన్‌లో నంబర్లన్నీ వాళ్ల దగ్గర ఉన్నాయి మరి. చూశారా, తిరిగి తిరిగి మళ్లీ ఆ గేటు దగ్గరికే వచ్చాడు అప్పులవాడు.

పిల్లలూ, ఇది గుర్తుంచుకోండి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అప్పు ఇచ్చే బ్యాంకు లేదా ఆర్థిక సంస్థ ఏదో, అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో ముందే చూపాలి. మీ కాంటాక్టుల జాబితా జోలికి పోకూడదు. అది అడిగిందంటే ఆ యాప్‌ని అక్కడే తీసేయండి. బెదిరిస్తే 1930కి ఫోన్ చేయండి. మేమూ చేశాం. చేతికొచ్చినంత కట్టి, మిగతాది పోలీసులతో చెప్పుకోమన్నాం.

అయితే డబ్బు ఇచ్చేముందు మా చెల్లెలికి చెప్పేశాను. వాడు నాతో రెండు నెలలు మాట్లాడలేదు. నేను చేసింది సరైనదేనా అని ఇప్పటికీ ఒక్కోసారి అనిపిస్తుంది. కానీ ఇంట్లో తెలియకూడదన్న భయమే కదా ఆ యాప్‌వాడికి పెట్టుబడి!

వాణ్ణి తిట్టే అర్హత కూడా నాకు లేదు. సర్వీసులో చేరిన కొత్తలో వెట్ క్యాంటీన్‌లో నేనూ సంతకం పెట్టి సమోసాలు తిన్నవాణ్ణే. సంతకం పెడితే డబ్బు పోయినట్టు ఉండదు. జీతం రోజున లెక్క చూసి కళ్లు తిరిగాయి. అప్పుడు మా హవల్దార్‌గారు "ముందు నీ పుస్తకంలో రాయి, తర్వాత వాడి పుస్తకంలో సంతకం పెట్టు" అన్నారు. ఆ ఒక్క ముక్కే మేనల్లుడికి అప్పగించాను.

ఫోన్‌లో యూపీఐ లైట్ అని ఉంది కదా. సోమవారం పొద్దున్న అందులో 800 వేసుకుంటాడు. చిల్లర ఖర్చంతా అందులోంచే. దానంతటది నిండే ఆటో టాప్-అప్ ఆపేశాం. లేకపోతే అది చిల్లి కుండే. అది పిన్ అడగదు, విడివిడి ఖర్చులు బ్యాంకు పాస్‌బుక్‌లో పడవు, అందుకని చేత్తో రాసే పద్దు పుస్తకం తప్పనిసరి. తల్లిదండ్రులు కూడా నెలకోసారి కాక వారానికోసారి పంపి చూడండి. ఎక్కువైందని పిల్లలు చెప్పిన రోజున మాత్రం దయచేసి అరవకండి.

పోయిన నెల వాడి దగ్గర్నుంచి ఒక ఫోటో వచ్చింది. పద్దు పుస్తకంలో ఆఖరి పేజీ. కింద ఎర్ర సిరాతో "240 ఎక్కువైంది. అమ్మకి చెప్పాను" అని రాసి ఉంది.