సామాన్యుల ఉత్తరాలే ఆధారాలుగా: వలసల చరిత్రకారుడు థియడోర్ బ్లేగెన్

పుట్టిన గడ్డను వదిలి సముద్రం దాటి వెళ్లినవారి చరిత్రను ఏ ఆధారాలతో, ఏ దృష్టితో రాయాలన్న ప్రశ్న వలసల చరిత్రపై ఏర్పాటైన ఈ సదస్సులో సమర్పించే పత్రాలన్నింటికీ మూలంలో ఉన్నది కాబట్టి, ఆ ప్రశ్నకు జీవితకాలపు కృషితో సమాధానమిచ్చిన ఒక చరిత్రకారుణ్ణి ఈ వేదికపై స్మరించడం సముచితం. ఆయన నార్వే నుంచి అమెరికాకు సాగిన వలసల చరిత్రకారుడు థియడోర్ క్రిస్టియన్ బ్లేగెన్ (1891-1969). వలస వెళ్లిన సామాన్యులు ఇళ్లకు రాసుకున్న ఉత్తరాలు, పాడుకున్న పాటలు ప్రభుత్వ దస్త్రాలకు ఏమాత్రం తీసిపోని చారిత్రకాధారాలని నిరూపించడం, వాటిని సేకరించి భద్రపరిచే సంస్థను దశాబ్దాలపాటు నిలబెట్టడం ఆయన సాధించిన రెండు ఘనకార్యాలు. వీటిలో మొదటిదానికి రెండోదే పునాది.

బ్లేగెన్ కృషి విలువ తెలియాలంటే ఆయన చరిత్ర రాసిన వలస స్వరూపం తెలియాలి. 1825 జూలై 4న నార్వే నైరుతి తీరంలోని స్టావాంగర్ రేవు నుంచి ‘రెస్టారేషన్’ అనే చిన్న తెరచాప ఓడ 52 మందితో బయలుదేరి, దారిలో పుట్టిన పసిబిడ్డతో కలిపి 53 మందితో అక్టోబరు 9న న్యూయార్క్ చేరింది. వారిలో పలువురు క్వేకర్లు, అంటే రాజ్యం గుర్తించిన లూథరన్ చర్చికి వెలుపల, పురోహితుల ప్రమేయం లేకుండా ఆరాధన సాగించే క్రైస్తవ శాఖకు చెందినవారు, లేదా ఆ శాఖ పట్ల మొగ్గు చూపినవారు. మతస్వేచ్ఛ కోసం మొదలైన ఆ ప్రయాణం వెనుక బతుకుతెరువు సమస్య కూడా బలంగానే ఉన్నది. నార్వేలో సాగుకు పనికివచ్చే నేల చాలా తక్కువ. మశూచి టీకాలు, బంగాళాదుంప సాగు మరణాలను తగ్గించడంతో 1801లో తొమ్మిది లక్షల లోపు ఉన్న జనాభా 1865 నాటికి పదిహేడు లక్షలకు పెరిగింది. పెరిగిన జనంలో చాలామంది ‘హుస్మన్’లుగా, అంటే పెద్ద రైతు పొలంలో ఒక గుడిసె, కొద్దిపాటి నేల తీసుకొని అందుకు బదులుగా ఆ రైతుకు పనిచేసి పెట్టే కౌలు కూలీలుగా మిగిలిపోయారు. అటువంటివారికి అమెరికా ప్రభుత్వం ఎకరం ఒకటింపావు డాలరుకు భూమి అమ్ముతున్నదన్న వార్త చేరినప్పుడు ఎంత కదలిక పుట్టి ఉంటుందో ఊహించవచ్చు. ఒక శతాబ్దంలో ఎనిమిది లక్షల మందికి పైగా నార్వే విడిచారు. జనాభా నిష్పత్తిలో చూస్తే, ఆ కాలపు ఐరోపాలో ఐర్లాండ్ తరువాత అంతటి వలసను చూసిన దేశం నార్వేయే.

అలా వలస వచ్చిన కుటుంబంలోనే బ్లేగెన్ 1891లో అమెరికాలోని మినియాపోలిస్ నగరంలో జన్మించాడు. తండ్రి నార్వేజియన్ లూథరన్లు నెలకొల్పిన ఆగ్స్‌బర్గ్ కళాశాలలో అధ్యాపకుడు. అన్న కార్ల్ బ్లేగెన్ పురావస్తు శాస్త్రవేత్తగా ట్రాయ్‌లో తవ్వకాలు జరిపి, 1939లో గ్రీస్‌లోని పైలోస్‌లో ప్రాచీన లిపి చెక్కిన మట్టి పలకలను వెలికితీసి ప్రపంచ ఖ్యాతి పొందాడు. అన్న మట్టి కింద మరుగున పడిన రాతను వెతికితే, తమ్ముడు రైతుల ఇళ్లలో మూలపడిన రాతను వెతికాడు. థియడోర్ ఆగ్స్‌బర్గ్‌లోను, మినెసోటా విశ్వవిద్యాలయంలోను చదివి, ఉన్నత పాఠశాలల్లో, ఆపై హ్యామ్లిన్ విశ్వవిద్యాలయంలో బోధించి, 1925లో డాక్టరేట్ పొందాడు. మినెసోటా చారిత్రక సంఘానికి 1931 నుంచి 1939 వరకు అధిపతిగా, 1940 నుంచి 1960 వరకు విశ్వవిద్యాలయపు ఉన్నత విద్యా పరిశోధన విభాగానికి డీన్‌గా పనిచేశాడు. ఇన్ని పాలనా బాధ్యతల నడుమ కూడా ఆయన గ్రంథరచన ఆగలేదు.

ఆయన డాక్టరేట్ అందుకున్న 1925వ సంవత్సరమే వలస శతాబ్ది సంవత్సరం కూడా. ఆ జూన్‌లో మినెసోటాలో జరిగిన ఉత్సవాలకు అమెరికా అధ్యక్షుడు కూలిడ్జ్ స్వయంగా హాజరయ్యాడు. ప్రత్యేక తపాలా బిళ్లలు వెలువడ్డాయి. ఉత్సవాలు ముగిశాక ఊరేగింపులు, ఉపన్యాసాలు జ్ఞాపకాలుగా మిగిలిపోవడమే లోకసహజం. నార్వేజియన్ అమెరికన్ సమాజంలోని ఆలోచనాపరులు మాత్రం ఆ ఉత్సాహాన్ని అక్కడితో చల్లారనివ్వక, అదే ఏడాది అక్టోబరులో నార్త్‌ఫీల్డ్ పట్టణంలోని సెయింట్ ఓలాఫ్ కళాశాల కేంద్రంగా నార్వేజియన్ అమెరికన్ చారిత్రక సంఘాన్ని స్థాపించారు. వలస రైతుల జీవితాన్ని నవలలుగా మలచిన ఓ. ఇ. రోల్వాగ్ దానికి కార్యదర్శి. ప్రచురణలకు సంపాదకుడు బ్లేగెన్. ఆ బాధ్యతను ఆయన 1960 వరకు, అంటే 35 ఏళ్లు మోశాడు. సొంత జాతి గురించి సొంతవారే నడిపే సంఘం ప్రచురణలు పొగడ్తల సంపుటాలుగా దిగజారే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. మూలాన్ని జాగ్రత్తగా పరిష్కరించడం, అనువదించడం, సందర్భాన్ని వివరించడం, ఆధారం లేని మాటను అచ్చుకు ఎక్కనీయకపోవడం అనే నియమాలతో ఆయన ఆ ప్రచురణలకు విద్వల్లోకంలో గౌరవం తెచ్చాడు.

బ్లేగెన్ దృష్టిలో వలస చరిత్రకు కేంద్రం ‘అమెరికా ఉత్తరం’. వలస వెళ్లినవారు స్వదేశంలోని బంధుమిత్రులకు రాసిన లేఖలకు నార్వేలో వచ్చిన పేరు అది. అటువంటి లేఖ ఒక ఇంటికి చేరితే ఆ ఇంటితో ఆగేది కాదు. ఇరుగుపొరుగు వచ్చి చదివించుకొనేవారు, చేతితో నకళ్లు రాసుకొని పక్క ఊళ్లకు పంపేవారు, చివరికి జిల్లా పత్రికలవారు దాన్ని అచ్చువేసేవారు. కూలి రేట్లు, భూమి ధర, గోధుమ దిగుబడి, జ్వరాల బాధ, అమెరికాలో టోపీ తీసి దండం పెట్టవలసిన దొర లేడన్న సంబరం, అన్నీ వాటిలో ఉండేవి. 1928-29లో గుగ్గెన్‌హైమ్ పరిశోధక వేతనంపై నార్వేలో గడిపిన బ్లేగెన్, పాత పత్రికల్లోను, భాండాగారాల్లోను ఇటువంటి లేఖల కోసం శ్రద్ధగా గాలించాడు. వలసను పంపిన తీరాన వెతకకుండా, చేరిన తీరాన మాత్రమే కూర్చొని దాని చరిత్ర రాయడం సాధ్యం కాదని ఆయన గ్రహించిన సత్యం నేటికీ పరిశోధకులకు శిరోధార్యం.

ఆయన పరిష్కరించి ఆంగ్లీకరించి 1926లో ప్రచురించిన ఓలె రిన్నింగ్ పుస్తకం, వలసదారుల రాతలు జనాన్ని ఎలా కదిలించేవో చెప్పడానికి మంచి నిదర్శనం. మతాచార్యుని కుమారుడైన రిన్నింగ్ 1837లో వలస వెళ్లి ఇల్లినాయ్ రాష్ట్రంలోని బీవర్ క్రీక్ అనే చిత్తడి నేలలో తోటివారితో కలిసి స్థిరపడ్డాడు. ఆ చలికాలంలో కాళ్లు మంచుకు దెబ్బతిని మంచం పట్టిన స్థితిలో, రాబోయే వలసదారుల కోసం అమెరికా గురించి ఒక చిన్న పుస్తకం రాశాడు. భూమి దొరుకుతుందా, ధర ఎంత, ప్రభుత్వం ఎటువంటిది, మతం సంగతి ఏమిటి, ప్రయాణానికి ఏమేమి సర్దుకోవాలి వంటి 13 ప్రశ్నలకు అందులో సూటిగా జవాబులిచ్చాడు. అమెరికాలోని బానిసత్వాన్ని దాచిపెట్టక ఖండించాడు. ఆన్‌స్టెన్ నాట్టెస్టాడ్ అనే తోటి వలసదారు ఆ రాతప్రతిని స్వదేశానికి తీసుకువెళ్లగా 1838లో అది అక్కడ అచ్చయింది. ఆ ఏడాదే రిన్నింగ్ జ్వరంతో మరణించాడు. బీవర్ క్రీక్ స్థావరం కూడా నిలవలేదు. పుస్తకం మాత్రం ఊరూరా తిరిగి వేలమందిని కదిలించింది. అంతకుముందే బెర్గెన్ బిషప్ నాయ్‌మన్ రైతులను వలస వద్దని హెచ్చరిస్తూ లేఖ వెలువరించాడు. వలసను ప్రోత్సహించిన రాతను, వారించిన రాతను సమానశ్రద్ధతో వెలికితీసి ప్రచురించడం బ్లేగెన్ నిష్పక్షపాతానికి గుర్తు.

ఈ సామగ్రి ఆధారంగానే ఆయన ప్రధాన గ్రంథం రూపొందింది. నార్వే నుంచి అమెరికాకు వలస చరిత్రను వివరించే మొదటి సంపుటం 1931లో వెలువడి 1825-1860 నడుమ వలస పుట్టుక, కారణాలు, మార్గాలను చెప్పగా, 1940లో వచ్చిన రెండో సంపుటం వలసదారులు కొత్త సమాజంలో భాష, చర్చి, బడి, పత్రిక, రాజకీయాల ద్వారా ఎలా మారారో వివరించింది. 1936లో మార్టిన్ రూడ్‌తో కలిసి వలస పాటల సంకలనం తెచ్చాడు. వయొలిన్ విద్వాంసుడు ఓలె బుల్ పెన్సిల్వేనియాలో 1852లో స్థాపించి కొద్దికాలానికే విఫలమైన ‘ఓలియానా’ కాలనీని ఎగతాళి చేసే పాట అందులో ప్రసిద్ధం. వలస ఆశ ఎంత బలమైనదో, ఆ ఆశపై జనంలో ఉన్న అనుమానం ఎంత లోతైనదో ప్రభుత్వ నివేదికల కంటే ఆ పాట బాగా తెలుపుతుంది. అమెరికా అంతర్యుద్ధంలో నార్వేజియన్ల దళానికి నాయకత్వం వహించి 1863లో చికమాగా పోరులో మరణించిన కర్నల్ హాన్స్ క్రిస్టియన్ హెగ్ లేఖలను కూడా ఆయన 1936లోనే ప్రచురించాడు. వలసదారుల లేఖల బృహత్ సంకలనం 1955లో వెలువడింది.

ఈ అనుభవం నుంచి పుట్టిన సిద్ధాంతాన్ని బ్లేగెన్ 1947లో ‘గ్రాస్ రూట్స్ హిస్టరీ’ అనే వ్యాససంపుటిలో ప్రకటించాడు. ఆ పేరుతో ఆయన ఉద్దేశించినది సామాన్య జీవితం నుంచి, ఊరు, ఇల్లు, పొలం, పాట, వంట నుంచి మొదలయ్యే చరిత్ర. దూరాన ఉన్నదే గొప్పదనుకొని చేరువలోని సామాన్యాన్ని చిన్నచూపు చూడటం కూడా ఒక సంకుచితత్వమేనని ఆయన వాదించాడు. అయితే సొంత ఊరిపై ప్రేమ సత్యానికి అడ్డు రాకూడదన్న పట్టుదల కూడా ఆయనకు అంతే ఉన్నది. 1898లో మినెసోటాలోని కెన్సింగ్టన్ దగ్గర ఒక రైతు పొలంలో, 1362 నాటి స్కాండినేవియన్ యాత్రికుల రాత అని చెప్పుకొనే శిల బయటపడింది. కొలంబస్ కంటే ముందే తమవారు ఆ నేలపై అడుగుపెట్టారన్న గర్వం ఆ శిల చుట్టూ పెరిగింది. జీవిత చరమదశలో, 1968లో, బ్లేగెన్ దానిపై ఒక గ్రంథం రాసి, సాక్ష్యాలన్నింటినీ పరిశీలించి, అది పందొమ్మిదో శతాబ్దపు కల్పనేనని తేల్చాడు. సొంత సమాజానికి ప్రియమైన అబద్ధాన్ని కాదనగలగడమే చరిత్రకారుని చిత్తశుద్ధికి అసలైన పరీక్ష.

ఆయన కృషికి పరిమితులు లేకపోలేదు. నార్వేజియన్ రైతులు దున్నిన నేల అంతకుముందు డకోటా మొదలైన ఆదివాసులదన్న సంగతికి ఆ తరం చరిత్రకారులు ఇవ్వవలసినంత చోటు ఇవ్వలేదు. 1851 ఒప్పందాలతో భూములు పోగొట్టుకున్న డకోటాలు 1862లో యుద్ధానికి దిగితే, దాని దెబ్బ వలస రైతులపైనా పడింది. ఈ కోణాన్ని తరువాతి పరిశోధకులు విస్తృతంగా పరిశీలించారు. నార్వేలో ఇంగ్రిడ్ సెమ్మింగ్‌సెన్ 1941, 1950లలో రెండు సంపుటాలుగా వలస చరిత్ర రాయగా, అమెరికాలో ఓడ్ లోవోల్, యోన్ యెర్డె వంటివారు ఆ చరిత్రను మరింత ముందుకు తీసుకువెళ్లారు. బ్లేగెన్ సేకరించి పెట్టిన సామగ్రిపై ఆయన అడగని ప్రశ్నలను తరువాతి తరాలు అడగగలగడం ఆ సేకరణ విలువను తగ్గించేది కాదు, పెంచేది.

తెలుగు పరిశోధకులకు ఈ జీవితం నుంచి అందే పాఠం స్పష్టం. సురవరం ప్రతాపరెడ్డి 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను వెలువరించి, రాజుల వంశావళులను కాదని ప్రజల తిండి, బట్ట, ఆట, పాటలను చరిత్రగా నిలిపాడు కాబట్టి, ఆ దృష్టి తెలుగువారికి కొత్తది కాదు. కాని మారిషస్‌కు, 1860 నుంచి నేటాల్‌కు, 1903 నుంచి ఫిజీకి ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగువారి చరిత్రను, రంగూన్ రేవుల్లోను, బియ్యం మిల్లుల్లోను చెమటోడ్చి 1942 యుద్ధకాలంలో కాలినడకన తిరిగివచ్చినవారి చరిత్రను ఈ దృష్టితో రాయవలసిన పని ఇంకా ఎంతో ఉన్నది. ఓడల జాబితాల్లో కూలీ పేరు, తండ్రి పేరు, ఊరు దొరుకుతాయి. అతని మనసు దొరకాలంటే ఇంటికి చేరిన కార్డుముక్కలు, మనియార్డర్ కాగితాలు, ఆడవారు పాడుకున్న పాటలు కావాలి. అవి ఇంకా ఉత్తరాంధ్రలోను, గోదావరి తీరంలోను ట్రంకుపెట్టెల్లో, ముసలివారి నోళ్లలో ఉన్నాయి. ఏటా కొన్ని చెదలపాలవుతున్నాయి. విశ్వవిద్యాలయాలు, గ్రంథాలయాలు, విదేశాల్లోని తెలుగు సంఘాలు తమ ఉత్సవాల ఖర్చులో ఒక భాగాన్ని ఈ సేకరణకు, ప్రతుల పరిష్కరణకు, ప్రచురణకు కేటాయించాలని, ఇక్కడికి వచ్చిన ప్రతి పరిశోధకుడు, పరిశోధకురాలు తమ ఊరి నుంచే ఆ పని మొదలుపెట్టాలని ఈ సదస్సు కోరుతున్నది.