ముక్కలుగా పోయే ఫోటో



కలిగిరిలో మనం ఫోటో పంపితే కువైట్‌లో కొడుకు చూస్తాడు. ఎట్ల పోతుంది? ఒక్క మూటగా పోదు. చిన్న చిన్న ముక్కలై పోతుంది. ప్రతి ముక్క మీదా చేరాల్సిన చిరునామా ఉంటుంది. ఆ పద్ధతి పేరు ఐపీ. ముక్కలకు వరుస నంబర్లు వేసేది టీసీపీ. దారిలో ఒక ముక్క తప్పిపోతే మళ్లీ పంపేదీ అదే. మన దేశంలో జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వచ్చింది. అప్పటికే ఈ పద్ధతులు ఉన్నాయి.

బ్యాంకు చిరునామా హెచ్‌టీటీపీఎస్ అని మొదలవుతుంది. ఇది సంచికి తాళం లాంటిది. దారిలో ఎవరూ విప్పి చదవలేరు. అయితే దొంగ కూడా ఈ తాళం తెచ్చుకోగలడు! తాళం చూసి నమ్మొద్దు. పక్కనున్న పేరు అక్షరం అక్షరం చదవండి. అవి ఇంగ్లీషు అక్షరాలే, ఏం చేస్తాం! బడికి పోయే పిల్లల్ని పక్కన కూచోబెట్టుకోండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా డబ్బు కట్టొద్దు.